అప్పన్న గబ్బిలం

పన్నెండేళ్లుగా ఒక స్క్రూ నా మనసులో గుచ్చుకుంటోంది. బియ్యపు గింజంత కూడా ఉండదు. ఇవాళ మీ దగ్గర చెప్పేస్తాను. నవ్వుకున్నా సరే.

మాది ఖరగ్‌పూర్. రైల్వే వర్క్‌షాపులో నేనూ అప్పన్నా ఫిట్టర్లం, ఒకే బెంచీ మీద పని. వాడికి గబ్బిలాల పిచ్చి. సాయంత్రం ఊళ్లోని పూరీ గేట్ దగ్గర సైకిల్ ఆపేసి, అవి రెక్క ఎత్తేటప్పుడు ఎలా ముడుస్తాయో, కొట్టేటప్పుడు ఎలా పరుస్తాయో మెడ నొప్పెట్టేదాకా చూసేవాడు. చివరికి వెదురు పుల్లలు, పాత గొడుగు గుడ్డ, రబ్బరు బ్యాండుతో అలాంటిదే ఒకటి చేశాడు. తాల్‌బగీచా పేటలో మొదటిసారి రెక్కలాడిస్తూ ఎగిరింది! చప్పట్లు కొట్టాను. లోపల కుళ్లుకున్నాను. వాడికి పోటీగా నేను చేసిన తూనీగ బొమ్మ అప్పటికి మూడుసార్లు ఎగరబోయి నేలకి ముక్కు కొట్టుకుంది మరి.

విశ్వకర్మ పూజకి మా షాపులో పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతాం. ఆ రోజంతా ఎవరూ ముట్టకూడదు. పూజయ్యాక అందరి ముందూ ఎగరేస్తానని అప్పన్న గబ్బిలాన్నీ వాటి పక్కనే పెట్టాడు. చూడ్డానికి వాళ్లమ్మని కూడా రమ్మన్నాడు. ముందురోజు పనిముట్లు తుడిచి సర్దింది నేనే. గబ్బిలం ఎడమ రెక్కని పట్టి ఉంచే బుల్లి స్క్రూ ఒక చుట్టు వదులు చేశాను. సరదాకా? సరదాకైతే అటూ ఇటూ ఎందుకు చూసుకున్నాను?

మర్నాడు గబ్బిలం ఒంటి రెక్క కొట్టుకుంటూ గిరగిరా తిరిగి, వెళ్లి వెళ్లి ప్రసాదం ఖిచిడీ గుండిగలో పడింది. షాపంతా గొల్లుమంది. నిజం చెప్పొద్దూ, తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు.

"స్క్రూ వదులైపోనాదిరా. ఒక్క తిప్పు తిప్పితే సాలు," అంటూ అప్పన్న పనిముట్ల వైపు చెయ్యి చాపాడు.

"ఈయేల ముట్టకూడదు కదేటి!" అన్నాను. అన్నది కూడా నేనే, చూడండి.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అవున్రా. తప్పు నాదే. నానే సరిగ్గా బిగించనేదు."

ఆ రోజు నుంచి, షాపులో అందరికంటే మంచి చెయ్యి ఉన్న ఆ మనిషి, ఏ స్క్రూ బిగించినా నన్నోసారి చూడమంటాడు. తన చేతి మీద తనకే నమ్మకం పోయింది. అది తీసేసుకున్నది నేను. ఎలా తిరిగివ్వను?

పోయిన వారం ఇన్నాళ్లకి మళ్లీ ఓ గబ్బిలం చేశాడు. స్క్రూలు మాత్రం నన్నే బిగించమన్నాడు. బిగించాను. ఎంత బాగా ఎగిరిందో! ఇద్దరం పిల్లల్లా దాని వెనక పరిగెత్తాం. ఇదంతా నీ చేతి చలవేరా అని వాడు నన్ను పట్టుకుని ఊపేశాడు. నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ వెళ్లి గబ్బిలాన్ని ఏరుకొచ్చి వాడి చేతిలో పెట్టాను, అంతే.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ వల్ల అయ్యే పని కాదు. కానీ రాశాక ఊపిరి హాయిగా ఆడుతోంది. అప్పన్నా, నువ్వు సరిగ్గానే బిగించావురా.