మూడో గేటు ముందు సగం ముగ్గు

అశోక్‌నగర్‌లో మా సందుకు తెల్లవారిందని చెప్పేది ఆశమ్మ చీపురే. కార్తీకమాసపు మంచులో ఆ చప్పుడు జొన్నచేను మీద గాలి వీచినట్టు మెత్తగా వినిపించేది. ఊడ్చి, నీళ్లు చల్లి, నాలుగు గేట్ల ముందు వరసగా నాలుగు ముగ్గులు వేసేది. చిక్కడపల్లి గుడికి బయలుదేరి ఆ ముగ్గుల పక్కగా నడుస్తుంటే, లేచానో ఇంకా కలలోనే ఉన్నానో తెలిసేది కాదు.

కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డు ఊరు ఆమెది. ఇరవై ఏళ్ల కిందట భర్త బుగ్గయ్యతో పట్నం వచ్చి, నేనుండే ఈ అపార్టుమెంటుకే ఇటుకలు మోసింది. పని అయ్యాక కూలీలంతా మరో చోటికి పోయారు. వీళ్లిద్దరినీ వాచ్‌మన్ గదిలో ఉండమన్నారు.

“ఈ ఇల్లు నా నెత్తి మీదికెల్లి లేసింది స్వర్ణక్కా. మీరంత ఎన్కకొచ్చిండ్రు” అని నాతో అనేది.

మా సందులో సగం ఇళ్లు హాస్టళ్లు. సర్కారు ఉద్యోగాలకు చదివే పిల్లలు పొద్దున్నే పుస్తకాల సంచులతో లైబ్రరీకి పోతుంటారు. ఎవరికి ఏ రోజు పరీక్షో ఆశమ్మకు ఎరుకే. ఆ రోజు వాళ్ల గేటు ముందు ముగ్గు మధ్యలో ఒక బంతిపువ్వు పెట్టేది. పెట్టినట్టు ఎవరికీ చెప్పేది కాదు. నర్సింగు చదివి స్టాఫ్ నర్సు ఉద్యోగం కోసం మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్న స్వరూప మాత్రం ఆ సంగతి కనిపెట్టింది.

“రెండుసార్లు పువ్వు పెట్టిన. రెండుసార్లు పాయె. ఈసారి గులాబి పెట్టాల్నేమో” అని ఆశమ్మ దిగులు పడితే, “పువ్వు మంచిదే పెద్దమ్మా, నా మార్కులే తక్కువ” అని స్వరూప నవ్వేది.

ఒక గురువారం ఆశమ్మ ఎడమ చేతిలోంచి చాయ్ గ్లాసు జారి పగిలింది. వేళ్లు తిమ్మిరెక్కాయంది. పది నిమిషాల్లో అంతా మామూలైపోయింది.

“పనికాడనే తిమ్మిరొస్తది, తిండికాడ రాదు” అని బుగ్గయ్య ఎకసెక్కమాడాడు.

“గ్లాసు పగిలింది, దిష్టి పోయింది” అన్నాను నేను. ముగ్గురం నవ్వుకున్నాం. తనంతట తాను తగ్గిపోయింది కనుక చిన్నదే అనుకున్నాం. అది పెద్ద జబ్బు ముందుగా పంపిన కబురని, ఆ రోజే దవాఖానకు పోవలసిందని తరువాత గాని తెలియలేదు.

సోమవారం వచ్చింది. ఆశమ్మకు ఆ రోజు ఒక్కపొద్దు. సాయంత్రం చుక్క పొడిచేదాకా ఏమీ ముట్టదు. నేను గుడికి బయలుదేరేసరికి రెండో గేటు ముందు ముగ్గు పూర్తిచేస్తోంది.

“నా పేరు జెప్పి గూడ ఒక దీపం పెట్టుండ్రక్కా” అంది. మాట స్పష్టంగా ఉంది. నవ్వు కూడా నిండుగా ఉంది.

తిరిగి వచ్చేసరికి ఆరున్నర. మంచు ఇంకా విడలేదు. వీధిదీపాల చుట్టూ పసుపు రంగు గుడి కట్టినట్టుంది. మూడో గేటు ముందు ముగ్గు చూసి ఆగిపోయాను. కుడివైపు చుక్కలు, తీగలు, మొగ్గలు అన్నీ ఉన్నాయి. ఎడమవైపు ఒక్క చుక్క కూడా లేదు. పౌర్ణమి కావలసిన రోజు సగం చంద్రుడు పొడిచినట్టుంది. అందంగా ఉందనే అనుకున్నాను, భగవంతుడు క్షమించుగాక.

నాలుగో గేటు మెట్టు మీద ఆశమ్మ కూర్చుని ఉంది. పైట ఎడమ భుజం నుంచి జారిపోయినా సర్దుకోలేదు.

“ముగ్గు సగమే ఏసినవేందే?”

“మొత్తమేసిన గద” అంది. నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు మాట ముద్దగా వచ్చింది.

అప్పుడే నిద్ర లేచి వచ్చిన బుగ్గయ్య చూసి, “ఒక్కపొద్దు నీర్సం. ఏం గాదు” అన్నాడు. నాకూ అదే తోచింది. పరుగున పోయి చక్కెర నీళ్లు కలిపి తెచ్చాను. ఒక్క గుక్క పోశానో లేదో, నీళ్లు ఎడమ మూతి వారనుంచి కారాయి. పొలమారి దగ్గసాగింది.

“ఆపుండ్రక్కా! నోట్లె ఏం పొయ్యకుండ్రి!”

లైబ్రరీకి పోతున్న స్వరూప సంచి కింద పడేసి వచ్చి, ఆశమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“పెద్దమ్మా, జర నవ్వు.”

“పొద్దుగాల్నే నవ్వుడేందే? నీ రిజల్టొచ్చెనా?” అంటూనే ఆశమ్మ నవ్వింది. నవ్వు కుడి చెంప మీదికే ఎక్కింది. ఎడమ చెంప నిద్రపోతున్నట్టే ఉంది.

“రెండు చేతులు ముందరికి లేపు.”

కుడి చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి జానెడు లేచి ఒడిలో వాలిపోయింది.

“లేపిన గద రెండూ” అంది ఆశమ్మ.

ఆమెకు నొప్పి లేదు, భయం లేదు. తనలో సగం పోయిందన్న సంగతే ఆమెకు తెలియడం లేదు.

స్వరూప 108కి ఫోన్ చేసి, ఇల్లు గుర్తులు చెప్పి, బుగ్గయ్య వైపు తిరిగింది. “పక్షవాతం పెదనాయనా. దవాఖానకు పోవాలె, ఇప్పుడే.”

ఆ మాట వినగానే బుగ్గయ్య గదిలోకి పోయి బట్టల సంచి తెచ్చాడు. “పక్షవాతమైతె మా ఊరికే. పక్కూర్ల పసరు పోస్తరు. వారానికొక్కపారి, మూడు ఐతారాలు తాగాలె. మా అన్నకు గూడ పోసిండ్రు.”

“మీ అన్న లేసి నడిచిండా?”

బుగ్గయ్యకు కోపం వచ్చింది. “నీకేమెరుక? ఇంక నౌకరే రాకపాయె!”

స్వరూప మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. “నౌకరి రాలే, చదువైతే వచ్చింది పెదనాయనా” అంది నెమ్మదిగా. “పసరు ఎన్ని ఐతారాలైనా ఆగుతది. పెద్దమ్మ మెదడు ఆగది. రక్తం గడ్డ కట్టి ఉంటె కరిగేటందుకు సూది ఉంది. మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇస్తరు. ఎప్పటిసంది ఇట్లుందో సరిగ్గ చెప్పాలె. చివరిసారి ఎవరు మంచిగ చూసిండ్రు?”

“నేన్ పండుకున్న” అన్నాడు బుగ్గయ్య.

నేను సందు పొడుగునా చూశాను. మొదటి ముగ్గు నిండుగా ఉంది. రెండోదీ నిండుగానే ఉంది. మూడోది సగం. నాలుగో గేటు ముందు ఉత్త తడి నేల. ఆమె చెప్పలేనిది నేల మీద రాసి ఉంది.

“రెండో ముగ్గు నా కండ్ల ముందరే అయిపోయింది” అన్నాను. “నాతోని మాట్లాడింది. ఆరుకు పది నిమిషాలు తక్కువ. నా ఫోన్‌ల అలారం మోగినంకనే గేటు దాటిన.”

“గంట గూడ కాలే. టైమున్నది” అంది స్వరూప.

బుగ్గయ్య సంచి గోడకు ఆనించాడు. అంబులెన్సు వచ్చినప్పుడు ముందుగా ఎక్కింది అతనే. “ఒక్కపొద్దు చెడగొట్టకుండ్రి” అని ఆశమ్మ గొణుగుతూనే ఉంది. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఎండ తగిలి మంచంతా బంగారం పొగలా మెరిసింది. నేను పంచాక్షరి జపిస్తూ కూర్చున్నాను. స్వరూప ఫోనులో టైము చూస్తూ కూర్చుంది. ఆ రోజు రెండూ జపాలే అనిపించింది నాకు.

దవాఖాన డాక్టరు మొట్టమొదట టైమే అడిగాడు. తలకు స్కానింగు తీశారు. రక్తస్రావం లేదు. గడ్డ వల్లనే వచ్చిందన్నారు. ఎనిమిది దాటకముందే సూది ఇచ్చారు. మధ్యాహ్నానికి ఎడమ బొటనవేలు కదిలింది.

“బీపీ గోళీలు వేసుకుంటున్నదా?” అని డాక్టరు అడిగాడు.

“రోజు ఏస్కుంటది సార్. ఒక్కపొద్దునాడు మాత్రం నోట్లె ఏం ఎయ్యది” అన్నాడు బుగ్గయ్య.

“ఈ నెల ఎన్ని ఒక్కపొద్దులు?”

బుగ్గయ్య వేళ్లు మడిచాడు. సోమవారాలు, శనివారాలు, ఏకాదశి... ఒక చెయ్యి చాలక రెండో చెయ్యి ఎత్తాడు. నేను కూడా ఏకాదశినాడు గోళీల డబ్బా ముట్టేదాన్ని కాదు. ఆ మాట అక్కడ పైకి అనలేకపోయాను.

సాయంత్రానికి ఆశమ్మ మాట కొంత తేటపడింది.

“చిన్నప్పుడు మా నాయన పుట్టిల కూసోబెట్టుకొని కృష్ణ దాటించేటోడక్కా” అంది. “పుట్టి గుండ్రంగ తిరుగుతుండె. ఎటు చూసినా నీళ్లే. పొద్దుగాల గట్లనే ఉండె. ఒక్క ఒడ్డే కనపడుతుండె. రెండో ఒడ్డున్నదన్న యాదే లేదు. ఎంత హాయిగుండెనో!”

హాయి అన్న మాటకు బుగ్గయ్య భుజం మీది తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. “సస్తుంటివే ఆశా” అన్నాడు.

మళ్లీ సోమవారం. వార్డులో నర్సు చిన్న గోళీ, మూత గ్లాసులో నీళ్లు ఇచ్చింది. మింగడం మళ్లీ సరిగా వచ్చిందని అంతకుముందే చూసుకున్నారు. ఆశమ్మ గోళీని అరచేతిలో పెట్టుకుని భర్త వైపు చూసింది.

“ఇయ్యాల సోమారం.”

“ఎరుకే. మింగు.”

“దేవుడు ఏమన్నంటె?”

“నేన్ మాట్లాడిన” అన్నాడు బుగ్గయ్య. “ఒక్కపొద్దు నేనుంట. గోళి నువ్వు మింగు.”

పొద్దుటినుంచీ అతను చాయ్ కూడా తాగలేదని నాకప్పుడు అర్థమైంది. ఆశమ్మ ఎడమ చెయ్యి ఇంకా బరువుగానే ఉంది. అయినా ఆ చేతినే మెల్లగా ఎత్తి, గ్లాసుకు ఆనించి, గోళీ మింగింది.