ఏడు, శేషం ఇరవై ఒకటి

ఏడో నెలలో పుట్టిన పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే బతకదు. ఇది మా అత్తమ్మ నమ్మకం. నా ఏడో నెల శ్రీమంతానికి ఆరుగురు ముత్తయిదువలే వచ్చారని, కింది వాటా ఆమెను వంటింట్లోంచి లాక్కొచ్చి మరీ ఏడుగురిని చేసింది. నేను హబ్సిగూడ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. ఊరుకోలేకపోయాను.

"నెల ఎక్కువ పెరిగిన పిల్ల ఎట్ల బలహీనమైతది అత్తమ్మా? లెక్క కుదుర్తలేదు."

ఆమె నవ్వలేదు. తన మొదటి బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టి, పొద్దుగూకక ముందే పోయిందని అప్పుడే చెప్పింది.

తర్వాతి నెలలోనే ఒక మధ్యాహ్నం నాకు ఉమ్మనీరు పోయింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నాచారం దవాఖానాకు పోయే ఆటో ఉప్పల్ చౌరస్తాలో ఇరుక్కుపోయింది. అత్తమ్మ నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఇంకొక్క నెల ఆగరాదె తల్లీ" అని బతిమాలుతోంది.

"ఆ మాటలు ఆపుతవా అత్తమ్మా!" అని అరిచాను. నాకు ఒళ్లు మండిపోతోంది. అంతకు మించి భయం.

ఒకటిని ఏడుతో భాగిస్తే 142857 తిరిగి తిరిగి వస్తుంది. దాన్ని రెండుతో గుణించినా, మూడుతో గుణించినా అవే అంకెలు చోట్లు మార్చుకుంటాయి. నొప్పికీ నొప్పికీ మధ్య కళ్లు మూసుకుని గుణిస్తూ పోయాను. ఆమె ఏడు ఆమెది, నా ఏడు నాది.

ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. వెంటనే అద్దాల గదిలోకి తీసుకుపోయారు. అత్తమ్మ చూడటానికి పోలేదు. నా మంచం పక్కన గోడవైపు తిరిగి కూర్చుంది.

"సూస్తే పానం గుంజుతది బిడ్డా. మల్లొకపారి నాతోని గాదు."

సిస్టర్ వచ్చింది. "ముప్పై మూడు వారాలకే పుట్టింది. రెండు రోజులు గడిస్తే గానీ ఏం చెప్పలేం" అని వెళ్లిపోయింది.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "వారాలు నాకు దెల్వయి. నెలలల్ల జెప్పు. లెక్కలు జెప్తవు గదా."

ముప్పై మూడు వారాలంటే రెండువందల ముప్పై ఒక్క రోజులు. ముప్పైతో భాగిస్తే ఏడు, శేషం ఇరవై ఒకటి. అంటే ఎనిమిదో నెల దాదాపు ముప్పాతిక వంతు గడిచింది. ఏడో నెల శ్రీమంతం స్వయంగా చేసిన మనిషికి ఆ సంగతి తెలియదా? తెలిసే అడిగింది.

"ఏడు" అన్నాను.

"ఏడేనా?"

"ఏడే, అత్తమ్మా."

కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, అద్దాల గదివైపు నడిచింది.

శేషం వదిలేస్తే మార్కులు కోస్తానని ఇప్పటికీ పిల్లల్ని బెదిరిస్తాను. మా అమ్మాయి నోట్లో ముద్ద ఉండగానే ఆటకు ఉరుకుతుంటే, "ఏడో నెలల పుట్టినవా ఏందే?" అని పక్కింటివాళ్లు నవ్వుతారు. "అవు, ఏడో నెలే" అని అత్తమ్మ వెంటనే అందుకుంటుంది. ఆ మాట అనేటప్పుడు మాత్రం నా వైపు చూడదు.