ఎర్సాన్ మింగిన నాణెం

ప్రొవాన్ పట్నంలో ఉన్ని దువ్వే ఎర్సాన్‌ని ఎరగనివారు లేరు. తల్లి పురిట్లోనే పోతే తమ్ముడు రెనియేని చంకనేసుకుని పెంచింది. వాడు కమ్మరయ్యాడు, ఆమె తన పెళ్లి మాటే ఎత్తలేదు. కాల్చిన ఇనుప దువ్వెనలు పట్టీ పట్టీ అరచేతులు తోలు ముక్కల్లా అయిపోయాయి. ఆ సీమనేలే కౌంటుగారి వెండి నాణెం మీద ముద్ర దువ్వెనే కదా, "ప్రభువు కొట్టించింది నా పనిముట్టునే" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేది.

ఆ ఏడు మే సంతలో ఉప్పుచేపలు కొనబోయింది. చేపలమ్మే మరువా ఆమె ఇచ్చిన నాణేన్ని రాతి మీద పడేసింది. మోగలేదు, టక్కుమంది. కత్తిమొనతో గీకితే వెండి పొర కింద ఎర్రగా రాగి.

"ఏమే, నీ దువ్వెన సిగ్గుతో ఎర్రబడిందే!" అని నవ్వబోయి మరువా చప్పున నోరు మూసుకుంది. దొంగ నాణేలు కొట్టినవాణ్ణి సంత నడిబొడ్డున మరిగే కాగులో వెయ్యడం ఇద్దరూ చూసినవాళ్లే.

ఎర్సాన్ నాణేన్ని లాక్కుంది. అది పొద్దున తమ్ముడు తన చేతిలో పెట్టినదే.

"ఏంటక్కడ? ఏదీ, ఇలా తే!" సంత భటుడు వచ్చేస్తున్నాడు.

ఆమె నాణేన్ని నోట్లో వేసుకుని మింగేసింది.

"ఏం మింగావ్?"

"ఊగే పన్నయ్యా. ఊడొచ్చింది."

భటుడు మరువా వంక చూశాడు. "పన్నే బాబూ," అంది మరువా. "ముసలిదాని నోరు వెతికే తీరికుంటే ఈ బుట్ట కాస్త ఎత్తిపెట్టు."

వాడు మూతి తిప్పుకుని పోయాడు.

ఎర్సాన్ తిన్నగా తమ్ముడి కొలిమికి వెళ్లింది. "ఎక్కడిదిరా అది?" అంటే, "కూలికిచ్చారక్కా" అన్నాడు రెనియే, ముఖం చూడకుండా. ఆమె బొగ్గుల కుప్ప తవ్వింది. దువ్వెన బొమ్మ చెక్కిన రెండు ఉక్కు అచ్చులు బయటపడ్డాయి, చలికి కప్పుకోమని తాను అల్లిచ్చిన కండువాలో చుట్టి.

"నీ చేతులు చూళ్లేకే అక్కా..."

"నా చేతుల పేరెత్తకు! నిన్ను కాగులో చూసే కళ్లు నాకెక్కడివిరా?"

అచ్చులు తీసుకెళ్లి ఏట్లో విసిరేసింది. తెల్లారేసరికి రెనియే లేడు. లియోన్ దారిలో గుర్రాలకు నాడాలు కొడుతున్నాడని ఏళ్ల తర్వాత ఎవరో అన్నారు. వాడు తానై కబురు పంపలేదు.

ఎర్సాన్ ఉన్ని దువ్వుతూనే ఉంది. కూలి మాత్రం రొట్టెగానో గుడ్డగానో ఇమ్మనేది. చేతిలో నాణెం పెడితే తిరిగిచ్చేసేది. ఎందుకని అందరూ అడిగారు, మరువా తప్ప.