గ్రీకుల ఆత్మ, మా సారు అనుమానం

మా ఫిలాసఫీ సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. పొద్దున టీ తాగి కళ్ళు మూసుకున్న మనిషి మళ్ళీ తెరవలేదట. గంట తిరక్కుండానే పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండా "సార్ ఆత్మకు శాంతి కలగాలి" అనే మాటే. ఒకరు పెట్టిందే ఇంకొకరు. నాకు ఒళ్ళు మండింది. ఆయన క్లాసులో ఆత్మ అనే మాట అంత తేలిగ్గా అని తప్పించుకున్నవాడు లేడు.

సికింద్రాబాద్‌లో మేం చదివిన కాలేజీలో ఆయన గ్రీకు తత్వం చెప్పేవారు. విషం తాగబోయే ముందు ఒక గురువు జైల్లో కూర్చుని, ఆత్మకు చావు లేదని శిష్యులకు నిరూపించబోయాడు కదా, ఆ వాదనలు. ముందు మేం నమ్మేసేంత అందంగా చెప్పేవారు. మేం తలూపగానే పట్టుకునేవారు. నిద్రలోంచి మెలకువ వచ్చినట్టే చావులోంచి మళ్ళీ బతుకు వస్తుందని ఒక వాదన. "పాలు పెరుగైతయ్. పెరుగు పాలైంది ఎవరన్న చూసిన్రా?" అనేవారు. ఆత్మంటేనే బతుకు కాబట్టి, నిప్పు చల్లదనాన్ని దరి చేరనివ్వనట్టు అది చావును రానివ్వదని ఇంకొకటి. అది నాకు తిరుగులేనిదనిపించింది. "నిప్పు సల్లగ గాదు, నిజమే. ఆరిపోతది గద?" అన్నారు. ఆ సాయంత్రం బస్సెక్కాలని కూడా తోచక, లాలాగూడలో మా ఇంటి దాకా నడిచే వెళ్ళాను.

"నీకు నచ్చిన మాటనే ముందుగాల అనుమానించు" అనేవారు. మోండా మార్కెట్లో వంకాయలకూ అదే సూత్రం. నిగనిగలాడేదాన్ని పక్కన పెట్టేసేవారు.

అలాంటి మనిషి మంచం పట్టాక, నేరేడ్‌మెట్ ఇంట్లో భార్యతో "గ్రీకోళ్ళు కరెక్టే చెప్పిన్రు. నేనేడికి పోను, నీ పక్కకే ఉంట" అన్నారట. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆమే చెబితే నాకు మింగుడు పడలేదు. భయపడ్డారా? అయితే మాకు నేర్పినదంతా ఉత్తదేనా? ఆమె వంటింట్లోకి వెళ్ళగానే అడిగేశాను.

"సార్, మరి నిప్పు సంగతేంది?"

ఆయన వంటింటి వైపు చూశారు. "జెర మెల్లగ మాట్లాడు" అన్నారు.

ఆయన మారలేదని నాకు అర్థమైంది. ఆ సంగతి ఆమెకు తెలియకూడదని కూడా.

ఆయన పోయిన మూడో రోజు శ్మశానంలో పిట్టకు పెట్టారు. అన్నం, మటన్ కూర, ఆయనకిష్టమైన బిస్కట్లు విస్తట్లో పెట్టి దూరం జరిగాం. కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందంటారు. ఇది మాత్రం వెంటనే వాలింది. "సారే వచ్చిండు" అన్నారెవరో. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె నన్ను పక్కకు పిలిచారు.

"బిడ్డా, నిజం జెప్పు. మీ సారు ఆఖరికి అదంత నమ్మిండా?"

అవునంటే ఆయనకు ద్రోహం, కాదంటే ఆమెకు. నేను నసుగుతుంటే ఆమే అన్నారు.

"నాకెర్కనే. నా కోసం అన్నడు. ఆయన పరేషాన్ గావద్దని నేను సుత నమ్మినట్టే ఉన్న."

ఇద్దరూ ఇద్దరే. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"గా కాకి సుత ఆకలై వచ్చింది, గంతే" అన్నారామె, నాకు మాత్రమే వినపడేలా.

తినడం అయ్యాక కాకి లేచింది. మిగతావాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆమె మాత్రం ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అది ఎగిరిన వైపే చూస్తూ నిలబడ్డారు, అది కనపడకుండా పోయాక కూడా.