కరెంటు లేనప్పుడు సేవ్ అయిన ప్రోగ్రాం

దెయ్యాల మాటెత్తితే నవ్వేసేదాన్ని. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టరుకి చూపించండని సలహా ఇచ్చే రకం నేను. ఇప్పటికీ ఆ రకమే. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల్లో రాజమండ్రిలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో సి లాంగ్వేజ్ నేర్చుకున్నాను. కోర్సు చివరి రోజు సార్ ఒక ప్రోగ్రాం రాయమన్నారు. ఎంత చిల్లర ఇవ్వాలో టైపు చేస్తే, ఏ నాణేలు ఎన్ని ఇవ్వాలో అది చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండింటికి సరిగ్గా నడిపి చూపిస్తే అక్కడే ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం. లేదంటే నాన్నగారి కిరాణా కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చోవడమే.

రెండున్నర రూపాయలకి బాగానే చెప్పింది. రెండు రూపాయల ముప్పై పైసలు అడిగితే మాత్రం రెండు రూపాయల బిళ్ళ, పావలా ఇచ్చి ఊరుకుంది. ఐదు పైసలు మింగేసింది! నాన్నగారైతే కనీసం ఓ చాక్లెట్టు ఇచ్చేవారు. పదకొండున్నరకి నాకు ఏడుపొక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

సెంటర్‌లో జనరేటర్ లేదు. నేనూ, నాతో చదివే సత్యవతీ గుమ్మంలో కూర్చున్నాం. లోపలికి ఎవరూ వెళ్ళలేదు. పన్నెండుకి పది నిమిషాలుందనగా కరెంటు వచ్చింది.

పొద్దున సేవ్ చేసిన ఫైలే తెరిచి, ఆశ చావక మళ్ళీ నడిపాను. ఐదు పైసలు వచ్చాయి! కుర్చీలోంచి లేచిపోయాను. రూపాయల్ని పైసలు చెయ్యడానికి వందతో హెచ్చించే లైను చివర, నేను రాయని పాయింట్ ఐదు, అంటే అర, కలిపి ఉంది.

“ఏంటే, నువ్వు రాశావా?” అన్నాను.

“నాకంత వస్తే నీ పక్కనెందుకు కూర్చుంటానే!” అంది సత్యవతి.

ఫైలు సేవ్ అయిన టైము చూశాం. పదకొండూ నలభై. కంప్యూటర్ గడియారం నా వాచీతో సరిపోయింది.

సార్ వచ్చి, “ఈ అర ఎందుకు కలిపావమ్మా?” అని అడిగారు.

“నేను కలపలేదండి. కరెంటు లేనప్పుడు చేరిందండి.”

ఆయన పెద్దగా నవ్వి, టైము చూశాక నవ్వు ఆపేశారు. కాసేపటికి, కంప్యూటర్ ఆ ముప్పై పైసల్ని వెంట్రుకవాసి తక్కువగా దాచుకుంటుందనీ, పైసలు చేసేటప్పుడు ఆ చివరి ముక్క కొట్టేసి ఇరవై తొమ్మిదే లెక్కేస్తుందనీ, అర కలిపితే ఆ లోటు పూడుతుందనీ వివరించారు. “రేపట్నుంచి వచ్చెయ్యమ్మా. ఈ సంగతి మాత్రం కొత్తగా చేరేవాళ్ళకి చెప్పకు” అన్నారు.

భయపడాల్సింది పోయి, ఆనందంతో ఇంటికి పరుగెత్తాను. తర్వాత అదే గదిలో ఎన్నో బ్యాచ్‌లకి ఆ అర ఎందుకు కలపాలో చెప్పాను. ఎవరు కలిపారో మాత్రం ఈ రోజుకీ నాకు తెలియదు.