గుండులో కెమెరా, గదిలో బావ

ఆ ఫిరంగుల పరీక్షా కేంద్రంలో అతన్ని అందరూ జిగురు బావ అంటారు. గుండు ముక్కులో కెమెరా పెట్టి, కదలకుండా చుట్టూ జిగురు పోసి గట్టిపరచడం అతని పని. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. చేసి చూస్తే చుక్కలు కనిపిస్తాయి! ఫిరంగి పేలిన క్షణంలో బొటనవేలంత కెమెరా సిమెంటు బస్తా బరువెక్కుతుంది. పైగా గుండు గిర్రున తిరుగుతుంది. లెన్సు పగిలేది, లేకపోతే వైరు తెగేది. మొదట్లో బావ దెబ్బ తగలకూడదని స్పాంజి చుట్టాడు. ఆ మెత్తటి సందులోనే కెమెరా ఎగిరి గుద్దుకుని నుజ్జునుజ్జయింది.

జిగురులో దుమ్ము పడకూడదని అతని గదికి కిటికీ కూడా పెట్టలేదు. ఊపిరాడేది కాదు. భార్య వేరే ఊళ్లో నర్సు, కూతురు ఆమె దగ్గరే. బదిలీ అడిగితే పెద్దసారు ఒకటే మాట. "ఎగిరే గుండులోంచి ఒక్క బొమ్మ తెప్పించవయ్యా, మర్నాడే పంపించేస్తా."

"వస్తే రండి, లేదా ఆ ఫిరంగితోనే కాపురం చేసుకోండి," అని భార్య ఫోన్లో కసిరింది.

చివరికి బావకు కిటుకు దొరికింది. జిగురు గోరువెచ్చగా కాచి, చెంచాడు చెంచాడు పోస్తూ, వేలితో తడుతూ బుడగలన్నీ పైకి రప్పించాలి. ఒక్క బుడగ మిగిలినా కెమెరా దక్కదు. పక్క షెడ్డులో లేత్ యంత్రం నడిపే మేస్త్రి తలుపు తట్టేవాడు.

"ఏం వండుతున్నావ్ బావా?"

"నీకెందుకోయ్, పో!" అని బావ గడియ పెట్టేవాడు. కిటుకు తన గుప్పిట్లో ఉంటేనే తన మాట చెల్లుతుందని అతని ధీమా.

అలా జిగురు పోసిన గుండును ఒక రోజు పేల్చి, ఇసుకలోంచి తవ్వి తీశారు. కెమెరాలోని బొమ్మ వేయగానే తెర మీద ఆకాశం, నేల, మళ్లీ ఆకాశం గిరగిరా తిరిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. బావ కళ్లు తుడుచుకుని, ముందు భార్యకు ఫోన్ చేసి చెప్పి, పెద్దసారు ముందు నిలబడ్డాడు.

"పంపిస్తానన్నాను, నిజమే. నీ పని ఇంకెవరికి వచ్చు?"

"ఎవరికీ రాదు సార్."

"మరి నిన్నెలా వదలను? ఎవరికైనా నేర్పు. వాళ్లూ బొమ్మ తెప్పించాక చూద్దాం."

చేయి వణక్కుండా పని చేసేవాడు అక్కడ ఇంకొక్కడే, లేత్ మేస్త్రి. బావ లేత్ దగ్గరికి పరుగెత్తాడు. "రావోయ్, అంతా చూపిస్తా. ఇక గడియ పెట్టను!"

లేత్ మేస్త్రి చేతులు జోడించాడు. "నీకు దండం పెడతా బావా, నాకు నేర్పకు. నేర్చుకుంటే నన్ను మాత్రం వదులుతారా? నాకూ పెళ్లాం పిల్లలున్నారు."

బావ జేబులో ఫోన్ మోగింది.

"ఏమండీ, పెట్టె సర్దుకున్నారా?" భార్య గొంతులో ఎన్నాళ్లకో నవ్వు.