అవ్వ నాటిన జెముడు కంచె

మొన్న నంద్యాల నర్సరీలో తెల్ల పింగాణీ కుండీలో నాగజెముడు కనబడింది. "దీనికి ఏ సేవా అక్కర్లేదు మేడం, దానంతటదే బతుకుతాది" అన్నాడు అమ్మేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆళ్ళగడ్డ దాటాక రోడ్డు పక్కనే మా అవ్వకు ఒక గరుసునేల చేను ఉండేది. దాని చుట్టూ ఆమె పెంచింది నాగజెముడు కంచె. మందపాటి మట్టలు కోసి, కోసినచోట పొరకట్టేదాకా వసారా నీడన ఆరబెట్టి, సగానికి పాతేది. నేను చెంబుతో నీళ్ళు తెస్తే "పోయొద్దు పాపా, కుళ్ళిపోతాది" అని కసిరేది. మట్టలకు దూదిలాంటి తెల్లపురుగు పడితే గోనెపట్టాతో తుడిచేది. నలిగిన పురుగుల ఎరుపు ఆమె వేళ్ళను ఒక పట్టాన వదిలేది కాదు. ఎండాకాలం పండ్లను ఇసుకలో దొర్లించి, నూగుముళ్ళు పోగొట్టి ఒలిచి పెడితే, ఆదివారం చర్చిలో పాడే మా నోళ్ళన్నీ ఎర్రగా ఉండేవి.

ఒక ఏడాది విత్తనాలు వేసే ముందు పక్కచేని పెద్దరైతు ట్రాక్టరు పెట్టి ఒకవైపు కంచెంతా పెళ్ళగించి, మా చేలోకి సాళ్ళు తోలాడు. నాయన అడగబోతే, "ముండ్లు నా ఎద్దులకు గుచ్చుకుంటాండాయి, పీకేసినా. ఏం జేస్తావ్?" అన్నాడు. ఊరిపెద్దలు "సర్దుకోండప్పా" అన్నారు. సర్దుకోవలసింది ఎప్పుడూ మా పేటవాళ్ళే! తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుకుతాను.

అవ్వ ఏడవలేదు. తెగిపడిన మట్టలు ఏరి, ఆరబెట్టి, పాత హద్దు మీదే మళ్ళీ నాటింది. ట్రాక్టరు మళ్ళీ వచ్చిన పొద్దున దానికి అడ్డంగా కూర్చుంది. డ్రైవరు మా పేటవాడే.

"లెయ్యవ్వా, నా పని పోతాది."

"నాకు చేనే పోతాది. నా మీందనే తోలు."

అతను ఇంజను ఆపి, దిగి, నడిచి వెళ్ళిపోయాడు. పెద్దరైతు గట్టున నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు గానీ, తానెక్కి తోలలేకపోయాడు. ఆ ఏటి వానలకు మట్టలు చిగురు పట్టాయి.

అవ్వ పోయాక కూడా ఆ కంచె చేనును ఏళ్ళకేళ్ళు కాచింది. పోయిన ఎండాకాలం రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీతో ఒక్కపూటలో ఊడ్చేశారు. పరిగెత్తి అడిగితే, "ముండ్లకంపకు కూడా ఏడుస్తారేందమ్మా?" అని నవ్వాడు పని చేయించేవాడు. "కంప కాదు, మా అవ్వ పెంచిన చెట్టు" అని అరిచాను. అతను ఫోను చెవికి పెట్టుకుని అటు తిరిగాడు.

ఇప్పుడక్కడ సిమెంటు స్తంభాలు, ఇనుపతీగ. పీకేస్తే మళ్ళీ మొలిచేది ఆ హద్దున ఏదీ లేదు.